ఓడ యెక్కుటకు ముందు
కోనసీమవారి సముద్రాంతర ప్రయాణములు – ఒక చారిత్రక పరిశీలనము

కోనసీమను గూర్చి వ్రాయువారు గౌతమీ వసిష్ఠల నడుమ నున్న యీ త్రికోణభూమిని, ఇందలి కొబ్బరితోటలను, వరిచేలను, కాలువలను వర్ణించుట వాడుక. ఇచ్చట పుట్టి, ఇచ్చటి యన్నము తిని పెరిగి, బ్రతుకుతెరువునకై సముద్రము దాటిపోయినవారిని గూర్చి వ్రాసినవారు తక్కువ. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఏ గ్రామమునకు పోయినను, తాతల కాలమున రంగము వెళ్ళినవారి మాటయో, నేడు కువైటులోనో మస్కటులోనో ఉన్న బిడ్డ మాటయో వినబడును. కనుక మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆ ప్రయాణముల చరిత్రను, విశేషించి ప్రయాణమునకు ముందు మనవారు ఇంటి వ్యవహారములను చక్కబెట్టుకొనిన తీరును, చక్కబెట్టుకొనక నష్టపడిన తీరును కొంత తెలుపుట యుచితమని తోచినది.

సముద్రాంతర ప్రయాణమనగానే మనకు తుపానులు, ఓడ కుదుపులు, ఎడారి యెండలు స్ఫురించును. అవి నిజమైన కష్టములే. కాని తరతరములు నిలిచిన నష్టములు పెక్కు సముద్రమువలన గాక కాగితమువలన కలిగినవని చరిత్రను పరిశీలించినవారికి తెలియును. చదువకుండ వేలిముద్ర వేసిన కాగితము ఒకటి. వ్రాయించుకొనవలసియుండియు వ్రాయించుకొనని కాగితము మరియొకటి. ఉండియు పరుల చేతిలో పెట్టిన కాగితము వేరొకటి. మనవారి మూడు పెద్ద ప్రయాణములలో ఈ మూడు లోపములును వరుసగా కానవచ్చును.

కోరంగి రేవు – ద్వీపముల ప్రయాణము

మన ప్రాంతపు ఓడ ప్రయాణముల చరిత్రలో మొదట చెప్పవలసిన పేరు కోరంగి. గౌతమి సముద్రమును చేరు ప్రాంతమున, కాకినాడకు దక్షిణముగా నున్న యీ రేవు పందొమ్మిదవ శతాబ్ది పూర్వభాగమున ఓడల నిర్మాణమునకును, వర్తకమునకును ప్రసిద్ధి కెక్కియుండెను. బర్మాలోను, మారిషసు ద్వీపములోను తెలుగువారందరికి ‘కోరంగీలు’ అను పేరు కలుగుటయే ఆ ప్రసిద్ధికి నిదర్శనము. ఏ జిల్లావాడైనను, ఏ కులమువాడైనను, పరదేశమున అతడు కోరంగియే. 1839 నవంబరులో వచ్చిన తుపానును ఉప్పెనయు ఆ రేవును ధ్వంసము చేసెను. క్రమముగా కాకినాడ రేవు ప్రాముఖ్యమునకు వచ్చెను. రేవు మారెను గాని ప్రయాణములు ఆగలేదు.

బ్రిటిషు పార్లమెంటు 1833లో తన వలస రాజ్యములలో బానిసత్వమును రద్దుచేయుచు చట్టము చేసెను. అంతట చెరకుతోటల యజమానులకు బానిసలకు బదులు కూలీలు కావలసివచ్చిరి. 1834లో మారిషసుతో నారంభమైన ఒడంబడిక కూలీల వలస 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాలునకును, 1879లో ఫిజీ ద్వీపములకును వ్యాపించెను. చెన్నపట్టణమునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరెను. ఫిజీకి మొదట కలకత్తానుండియే ఓడలు పోయినను, 1903 మొదలు చెన్నపట్టణమునుండియు పోసాగెను. 1916 వరకు ఫిజీ చేరిన సుమారు 60 వేలమందిలో దాదాపు 15 వేలమంది చెన్నపట్టణమునుండి ఓడ యెక్కినవారు. అందు తమిళులతోపాటు మన సర్కారు జిల్లాల తెలుగువారును ఉండిరి.

ఆ ఒడంబడికను ఫిజీలో ‘గిర్మిటు’ అనెడివారు. అగ్రిమెంటు అను ఇంగ్లీషు మాటయే సామాన్యుల నోట నలిగి అట్లయ్యెను. ఐదేండ్లు తోటలో పనిచేయవలెను. దినమునకు తొమ్మిది గంటలు, శనివారమున ఐదు గంటలు. పురుషునకు దినకూలి ఒక షిల్లింగు. పదియేండ్లు నిండిన పిమ్మట స్వదేశమునకు ఉచితముగా తిరుగు ప్రయాణము. నియమములు కాగితముపై ఇట్లు స్పష్టముగానే ఉండెను. మేజిస్ట్రేటు ఎదుట వాటిని వినిపించి, సమ్మతమేనా యని యడుగు పద్ధతియు ఉండెను. కాని వినినదానిలో ఎంత బోధపడెను? నిర్ణయించిన పని పూర్తియైననే షిల్లింగు చేతికి వచ్చుననియు, పని మానినచో కూలి పోవుటయే గాక కోర్టు శిక్షయు పడుననియు, తాను పోవు ఊరు పసిఫిక్ మహాసముద్రము నడుమ నున్న ద్వీపమనియు ఎందరు గ్రహించిరి? అక్షరము తెలియనివానికి చదివి వినిపించిన నియమము గాలిలోని మాటయే. వేలిముద్ర మాత్రము కాగితముపై నిలిచెను.

ఆ కాలమున ఓడ యెక్కిన ప్రతి మనిషికిని ఒక వలస పత్రము వ్రాయబడెడిది. అందు పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, తాలూకా, జిల్లా, శరీరముపైనున్న గుర్తులు, దగ్గరి బంధువు పేరు ఉండెడివి. ఫిజీ పత్రములు ఆ దేశపు జాతీయ పత్రాగారమునందును, మారిషసు పత్రములు మోకా అను ఊరనున్న మహాత్మాగాంధీ సంస్థయందును నేటికిని భద్రముగా నున్నవి. నాలుగవ తరమువారు, ఐదవ తరమువారు తమ పూర్వుల గ్రామమును వెదకుకొనుటకు అవియే ఆధారములు. అయితే ఊరి పేరు చెప్పినవానికి వ్రాత రాదు. వ్రాసికొనిన గుమాస్తాకు ఊరు తెలియదు. అతని చెవికి సోకినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. మన సీమలో లంకలు ఎన్ని, పాలెములు ఎన్ని, పల్లెలు ఎన్ని! ఒక అక్షరము తారుమారైనచో అది ఏ లంకయో, ఏ పాలెమో నేడు చెప్పగలవారెవరు?

1917లో ఈ ఒడంబడిక వలస నిలిపివేయబడెను. ఫిజీలో మిగిలియున్న ఒడంబడికలు 1920 జనవరి 1వ తేదీతో రద్దయ్యెను. పోయినవారిలో అనేకులు అక్కడనే నిలిచిపోయి ఆ దేశములకు పౌరులైరి. దక్షిణాఫ్రికాలో 1931లోనే ఆంధ్ర మహాసభ యేర్పడెను. మారిషసులో ఉగాది ప్రభుత్వ సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపమునందే జరిగెను. పండుగను, దైవమును, ఇంటిపేరును అంత శ్రద్ధతో కాపాడుకొనిన ఆ జనులలో పలువురికి తమ ఊరు మాత్రము దొరకలేదు. పత్రమును చదువలేనందున కలిగిన నష్టము ఎంతదూరము పోవునో దీనివలన తెలియును.

రంగము – మేస్త్రీ పుస్తకము

రెండవది రంగూను ప్రయాణము. మన పెద్దలు దానిని ‘రంగము’ అనిరి. ద్వీపములకు పోవుట యొకటి, రంగము పోవుట యొకటి. ద్వీపములకు పోయినవాడు తిరిగివచ్చునను ఆశ తక్కువ. రంగము పోయినవాడు రెండు మూడేండ్లకు వచ్చి, పెండ్లిండ్లు చేసి, ఇల్లు కప్పించి, మరల పోవుచుండెను. 1937 ఏప్రిలు 1వ తేదీ వరకు బర్మా బ్రిటిషు ఇండియాలోని యొక రాష్ట్రము. కనుక అక్కడికి పోవుటకు పాస్‌పోర్టుతో పనిలేదు. రాజమహేంద్రవరమునుండి మనియార్డరు వచ్చినట్లే రంగూనునుండియు వచ్చెడిది.

కోనసీమవాడు కాలువ పడవపైనో కాలినడకనో గౌతమి యొడ్డు చేరి, కోటిపల్లి యొద్దనో ఎదుర్లంక యొద్దనో నది దాటి కాకినాడ పోయెడివాడు. అచ్చట తీరమున లోతు తక్కువ గనుక పొగయోడలు దూరముగా సముద్రములో లంగరు వేసెడివి. చిన్న పడవలపై పోయి ఓడ యెక్కవలసియుండెను. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారి ఓడలు విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము మొదలగు రేవులలో జనమును ఎక్కించుకొని రంగూను పోయెడివి. పేదవారికి డెక్కుమీదనే చోటు. రంగూనులో రేవున బరువులు మోయుట, ధాన్యపు మిల్లులలో పని, రిక్షాలు లాగుట మొదలగు కష్టమైన పనులలో తెలుగువారు విస్తారముగా నుండిరి. 1931 జనాభా లెక్కల ప్రకారము బర్మాలో భారతీయులు పది లక్షలకు మించియుండిరి. రంగూను నగర జనములో సగముకంటె ఎక్కువమంది భారతీయులే.

ఈ ప్రయాణమునకు ముందు ఇంటి వ్యవహారములు ఎట్లు చక్కబెట్టబడెను? సాధారణముగా మేస్త్రీ చక్కబెట్టెను. అతడు కూలీలను కూర్చుకొనుటకు ఊరికి వచ్చి ముందుసొమ్ము ఇచ్చెడివాడు. ఆ సొమ్ములోనే పాత బాకీ తీరవలెను, ఓడ చార్జీ పోవలెను, ఇంటివారికి తిండిగింజలు కొనవలెను. లెక్క మేస్త్రీ పుస్తకములో ఉండెను. రంగములో కూలిసొమ్ము అతని చేతిమీదుగా వచ్చెను. బాకీ ఎంత తీరినదో, ఎంత మిగిలినదో అతడు చెప్పినదే లెక్క. పనివాని యొద్ద దానికి ప్రతి లేదు. ఉన్నను చదువగలవాడు లేడు. ఇంటి యొద్ద తాకట్టు పెట్టిన కుంచముల చేను సంగతియు నట్లే. నోటిమాటపై ఇచ్చినది, నోటిమాటపై తీర్చవలసినది.

రంగము పోయినవారందరు చెడిరని భావింపరాదు. అక్కడి యార్జనతో స్వగ్రామములలో నేల కొనినవారు, పెంకుటిండ్లు కట్టుకొనినవారు, బిడ్డలకు చదువు చెప్పించినవారు కలరు. అమలాపుర ప్రాంతమునకు చెందిన దొమ్మేటి వెంకటరెడ్డి రంగూను పోయి ధనమార్జించి, స్వదేశమున తన జాతివారి విద్యకును గౌరవమునకును పాటుపడిన సంగతి సుప్రసిద్ధము. అంతకుముందు నేలలేనివానికి నేలను, తలయెత్తుకొని నడచుటకు ధైర్యమును రంగము సొమ్ము ఇచ్చెను. అందువలననే ఆ సొమ్ము ఎవరిపేర నిలిచెనను ప్రశ్న ముఖ్యమగుచున్నది.

కాలము మారెను. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలిపెంపునకై సమ్మె చేయగా బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె ముగిసి పాతవారిని తిరిగి చేర్చుకొనుచో అల్లరులు చెలరేగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. 1938లో మరల అల్లరులు జరిగెను. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చిలో నగరము వారి వశమయ్యెను. లక్షలకొలది భారతీయులు ఓడలపై కొందరు, అరకాను కొండలను, మణిపూరు అడవులను దాటి కాలినడకను కొందరు స్వదేశమునకు తరలివచ్చిరి. త్రోవలో ఆకలిచేతను, కలరా మలేరియాలచేతను మరణించినవారు వేలకొలది. వచ్చినవాడు కట్టుబట్టతో వచ్చెను.

అప్పుడు కాగితము విలువ తెలియవచ్చెను. సొమ్మును పోస్టాఫీసు పుస్తకములో వేసికొని, మనియార్డరు రశీదులు దాచుకొని, ఊరిలో తన పేర నేల వ్రాయించుకొనినవానికి రంగములో సర్వము పోయినను నిలుచుటకు చోటు మిగిలెను. ఇరువదియేండ్లు సొమ్ము పంపి, వచ్చినప్పుడు చూచుకొందములెమ్మని ఒకరిపేర నేల కొనిపించినవాడు ఆ ఒకరి దయకు లోబడెను. ఆ మనిషి ధర్మాత్ముడైనచో మేలు. అతడు గతించి అతని కుమారులు వచ్చియుండినచో వారికి ఆ పూర్వపు మాట తెలియదు. అన్నదమ్ములు కోర్టుకెక్కిన ఇట్టి కథలు మన పెద్దల నోట విననివారు అరుదు. అట్టి తగవులలో దుర్మార్గము కంటె వ్రాతలేమియే తరచు మూలము.

యుద్ధానంతరము తిరిగి పోదలచినవారికి మరియొక యడ్డు వచ్చెను. 1947లో బర్మా ప్రభుత్వము విదేశీయుల ప్రవేశమునకు అనుమతి పత్రములు కావలెనని చట్టము చేసెను. పూర్వము అక్కడ ఇరువదియేండ్లు బ్రతికినవాడైనను, బ్రతికినట్లు రుజువు చూపవలసివచ్చెను. అక్కడనే నిలిచిపోయినవారికి 1964లో ఆపద వచ్చెను. నే విన్ సైనిక ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసి, ఆ మే నెలలోనే ఏబది, నూరు క్యాట్ల నోట్లను రద్దుపరచెను. లక్షలకొలది భారతీయులు ఆస్తులు విడిచి ఓడలపై మద్రాసునకును, విశాఖపట్టణమునకును చేరిరి. విశాఖలో కంచరపాలెము ప్రాంతమున ‘బర్మా క్యాంపు’ అను పేరు ఆనాటి రాకకు గుర్తుగా నేటికిని నిలిచియున్నది.

ఎడారి దేశములు – పరుల చేతిలోని పత్రము

మూడవది మన కన్నులయెదుట జరుగుచున్న ప్రయాణము. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట అరబ్బు దేశములలో కట్టడపు పనులు విస్తరించెను, పనివారు కావలసివచ్చిరి. కువైటు, ఒమాను, కతారు, దుబాయి, సౌదీ అరేబియాలకు కోనసీమనుండి మేస్త్రీలు, డ్రైవర్లు, వంటవారు పోయిరి. విశేషమేమనగా, ఈ ప్రయాణములో స్త్రీలు పెద్దసంఖ్యలో ఒంటరిగా ముందు నడచిరి. పసిబిడ్డను తల్లియొద్ద విడిచి, పరుల బిడ్డలను పెంచుటకు పోయిన తల్లులు మన గ్రామములలో నెందరో కలరు. రాజోలు సీమలోని యనేక పక్కా యిండ్ల వెనుక వారి నిద్రలేని రాత్రులున్నవి. ఈ మాట వ్రాయకున్నచో మన చరిత్ర అసంపూర్ణమగును.

ఈ ప్రయాణములో పత్రములు లేకపోలేదు; చాల యున్నవి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రము, వైద్య పరీక్షా పత్రము, వలస అనుమతి. కాని ఏ పత్రమున ఏమున్నదో చూడకుండ ఏజెంటు మాటపై విమానమెక్కువారు నేటికిని ఉన్నారు. కువైటు దేశపు వీసాలనే చూడుడు. ఇండ్లలో పనిచేయువారికి 20వ నెంబరు వీసా, కంపెనీలలో పనిచేయువారికి 18వ నెంబరు వీసా. ఈ రెంటికి వర్తించు చట్టములు వేరు. కంపెనీ పనియని చెప్పి ఇంటిపని వీసాపై పంపినచో, అక్కడ దిగిన పిమ్మట ఫిర్యాదునకు బలముండదు. ‘ఆజాదు వీసా’ యని జనులు పిలుచునది చట్టములో లేనేలేదు. ఒకని పేర వీసా పొంది మరియొకని యొద్ద పనిచేయుట అక్కడ నేరము. ఇంటి పనివారికై కువైటు 2015లో ప్రత్యేక చట్టము చేసి, దినమునకు పండ్రెండు గంటలకు మించి పని చేయించరాదనియు, యజమాని వారి పాస్‌పోర్టును తనయొద్ద ఉంచుకొనరాదనియు నిర్ణయించెను. చట్టమున్నను పాస్‌పోర్టు యజమాని బీరువాలోనికి పోవుట ఆగలేదు. మేస్త్రీ పుస్తకమువలెనే ఇదియు పరుల చేతిలోని పత్రము.

మన దేశమున 1922లో ఒక వలస చట్టము వచ్చెను; దాని స్థానమున 1983లో మరియొకటి వచ్చెను. ఈ రెండవ చట్టము ప్రకారము రిజిస్టరైన ఏజెంట్లే విదేశములకు పనివారిని పంపవలెను. పదవ తరగతి తప్పినవారు కొన్ని దేశములకు పనికై పోవుటకు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి కావలెను. ఇంటిపనికి పోవు స్త్రీకి ముప్పదియేండ్లు నిండవలెను. అట్టి అనుమతితో పోవువారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద ప్రమాద మరణమునకు పది లక్షల రూపాయల బీమా ఉన్నది. సందర్శకుల వీసాపై దొంగచాటుగా పోయినవారికి ఈ రక్షణలు ఏవియు చెందవు. ఏజెంటు ‘అనుమతి గొడవ లేకుండ పంపెదను’ అని చెప్పినచో, తొలగించుచున్నది గొడవను కాదు, రక్షణను.

1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు కువైటును ఆక్రమించినప్పుడు, జోర్డాను రాజధాని యమ్మానునుండి ఎయిరిండియా విమానములు సుమారు లక్షా డెబ్బదివేలమంది భారతీయులను స్వదేశమునకు చేర్చెను. అందు మన సీమవారును ఉండిరి. 1942లో నడచి వచ్చినవారివలె వీరును చేతిసంచితో వచ్చిరి. రెండు తరముల నడుమ ఏబదియేండ్ల అంతరమున్నను ప్రశ్న ఒక్కటే: పంపిన సొమ్ము ఎవరిపేర నున్నది? దానికి వ్రాత యున్నదా?

ఇంటి లెక్క

ఈ చరిత్రనుండి నేటివారు గ్రహింపవలసిన యంశములు కొన్ని కలవు. ఇవి చట్టపండితుల రహస్యములు కావు, గృహస్థుడెవడైనను తెలిసికొనదగినవి.

మొదటిది అప్పుల సంగతి. ప్రోనోటుపై దావా వేయుటకు గడువు మూడేండ్లు. చెల్లు వ్రాయించి సంతకము చేయించినచో ఆనాటినుండి గడువు మరల సాగును. ఇందొక సూక్ష్మమున్నది. అప్పు తీసికొనినవాడు దేశము విడిచి పోయినచో, అతడు పరదేశమున నున్న కాలము గడువులో లెక్కకు రాదని 1963 నాటి కాలపరిమితి చట్టము చెప్పుచున్నది. అనగా ఋణదాత హక్కు నిలిచియుండును. కాని అప్పు ఇచ్చినవాడు దేశము విడిచి పోయినచో అట్టి మినహాయింపు లేదు. అతడు కువైటులో ఉండగనే నోటు మురిగిపోవును. కనుక పోవువాడు తాను ఈయవలసినదానిని మాత్రమే గాక తనకు రావలసినదానిని కూడ లెక్కచూచుకొనవలెను. తీర్చిన అప్పునకు నోటు తిరిగి తీసికొని చింపివేయవలెను గాని, తరువాత ఇచ్చెదనన్న మాటపై పోరాదు.

రెండవది ఇంటివద్ద పనులు నడుపువారికి అధికారమిచ్చుట. పూర్వము ముక్త్యారునామా యనబడినదియే నేడు పవర్ ఆఫ్ అటార్నీ. కౌలు వసూలు చేయుటకో, కొబ్బరి దింపు చేయించి సొమ్ము బ్యాంకులో వేయుటకో, ఒక దావా నడుపుటకో ఆ పని మట్టుకు అధికారమిచ్చినచో చాలును. సర్వాధికారము వ్రాసి యిచ్చినవాడు తన యిల్లు తానెరుగకుండ అమ్ముడుపోయెనని విలపించిన సందర్భములు కలవు. బయలుదేరుటకు ముందు సబ్ రిజిస్ట్రారు ఎదుట వ్రాయించుట సులభము. మరచిపోయినచో పరదేశమున భారత రాయబార కార్యాలయమున ధ్రువపరపించి పంపి, అది మన దేశము చేరిన మూడు నెలలలో స్టాంపు వేయించవలసియుండును. ఇచ్చినవాడు మరణించినచో సామాన్యముగా ఆ యధికారమును ముగియును. కేవలము పవరు పత్రముపై నేల కొనినవానికి యాజమాన్యము రాదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

మూడవది నేల సంగతి. పంపకములు కాని ఉమ్మడి నేలపై ఇల్లు కట్టుటకు విదేశపు సొమ్ము పంపువారు, ముందుగా పంపకపు దస్తావేజు వ్రాయించుకొనవలెను. ఆడపడుచుల హక్కును మరువరాదు. మన రాష్ట్రమున 1986 నాటి చట్టముతోను, దేశమంతట 2005 నాటి సవరణతోను ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకును హక్కు కలిగెను. పట్టాదారు పాసుపుస్తకములోను, అడంగలులోను తన పేరు సరిగా నున్నదో లేదో చూచుకొని పోవలెను.

నాలుగవది పేరు. బడి సర్టిఫికేటులో ఒకటి, ఆధారులో ఒకటి, పాస్‌పోర్టులో మరియొకటిగా పేరు ఉండుట మన ప్రాంతమున సాధారణము. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక. ఒకచోట పొడి యక్షరము, ఒకచోట పూర్తి మాట. నాడు గుమాస్తా చేసిన పొరపాటువలన ఊరు పోయెను. నేటి పొరపాటువలన బీమా సొమ్ము, పింఛను, వారసత్వము చిక్కున పడును. నామినీ పేరు విషయమునను ఇదే జాగ్రత్త కావలెను. వివాహమునకు ముందు తల్లిపేర వ్రాయించిన నామినేషను వివాహానంతరము మార్చుకొననివారు పెక్కుమంది.

ఐదవది బిడ్డలు, వృద్ధులు. తల్లిదండ్రులలో ఒకరో ఇద్దరో పోవునప్పుడు బిడ్డను ఎవరి సంరక్షణలో ఉంచుచున్నారో, బడి ఫీజు ఎవరు చెల్లింతురో, జబ్బు చేసినచో ఎవరిని పిలువవలెనో స్పష్టముగా వ్రాసి ఇరువురు పెద్దల ఎదుట చదివి వినిపించుట మంచిది. ఇది అపనమ్మకము కాదు. అమ్మమ్మకును నాయనమ్మకును నడుమ మాటపట్టింపు రాకుండ కాపాడునది అదియే. వీలునామా వ్రాయుట అపశకునమని కొందరు తలతురు. వ్రాయుటవలన ఎవరును మరణింపరు. వ్రాయకపోవుటవలన మాత్రము బ్రతికియున్నవారు పగవారగుదురు.

చివరిది పత్రముల ప్రతులు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందము, బీమా, ఏజెంటు రశీదు, యజమాని చిరునామా, ఫోను నెంబరు – వీని ప్రతి ఒకటి ఇంటివద్ద ఉండవలెను. పరదేశమున ఆపద వచ్చినప్పుడు, లేక దురదృష్టవశమున ప్రాణమే పోయినప్పుడు, రాయబార కార్యాలయమువారు మొదట అడుగునవి ఇవియే. ఆ కాగితముల కొరకు వెదకులాడుచు కన్నబిడ్డ శవమునకై వారములు వేచియుండుట కంటె కష్టము మరియొకటి లేదు.

గ్రంథాలయము చేయదగిన పని

1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రథమ మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు ఊరూర గ్రంథాలయములు స్థాపింపవలెనని తిరుగుచున్న ఆ దినములలోనే, కాకినాడ తీరమునుండి వేలిముద్రలవారు రంగము ఓడలు ఎక్కుచుండిరి. గ్రంథాలయోద్యమము వారిని చేరుటకు ముందే ఓడ వారిని చేరెను. నేడు స్థితి మారినది. పోవు యువతీయువకులలో పెక్కుమంది చదువుకొనినవారు. కాని చదువు వచ్చుట వేరు, సంతకము చేయు కాగితమును చదువుట వేరు.

మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండిన సందర్భమున రెండు చిన్న పనులు తలపెట్టవచ్చును. విదేశములకు పోదలచినవారు తమ ఒప్పందపత్రమును సంతకమునకు ముందు తెచ్చి, చదువగలవారిచేత తెలుగున చెప్పించుకొనుటకు వారమునకు ఒక సాయంకాలము ఏర్పరచుట మొదటిది. మన ఊరినుండి సముద్రము దాటినవారి వివరములు, వారి కుటుంబములకు సమ్మతమైనంతవరకు, ఒక పుస్తకమున సరియైన తెలుగు అక్షరములలో వ్రాసి భద్రపరచుట రెండవది. రంగము పోయిన తాతల పేర్లును, వారి పాత జాబులును, రశీదులును ఇంకను ఎవరి పెట్టెలలోనైన మిగిలియున్నచో, వాని ప్రతులును అందు చేర్చవచ్చును. వాటిని గుర్తుపట్టి చెప్పగల వృద్ధులు ఏటేట తగ్గిపోవుచున్నారు గనుక ఈ రెండవ పని త్వరగా జరుగవలసినది.

మారిషసునుండియో ఫిజీనుండియో ఎవరైన వచ్చి ఫలానా వారి ఊరు ఇదియేనా యని యడిగినచో, నేడు మనయొద్ద సమాధానము లేదు. నూరేండ్ల తరువాత కువైటు పోయిన తల్లి మనుమలు వచ్చి యడిగినప్పుడైనను చూపుటకు ఒక పుటయుండవలెను. గ్రంథాలయ కార్యవర్గమువారును, చందాదారులును ఈ సూచనను పరిశీలింతురని ఆశించుచున్నాను.